నిదానం గారి బస్సు

డిపో నుంచి పెద్దాసుపత్రి దాకా తిరిగే సిటీ బస్సును నడిపిన పెద్దమనిషిని ఊరంతా 'నిదానం గారు' అనేది. అసలు పేరుతో ఆయన్ని పిలిచింది జీతాల గుమాస్తా ఒక్కడే. నిదానమే ప్రధానం అన్న సామెతను డిపోలో ఎవరో మెకానిక్ వేళాకోళానికి ఆయనకు తగిలిస్తే, వాడగా వాడగా ప్రధానం అరిగిపోయి నిదానం మిగిలింది. ఆయనకు కోపం రాలేదు. కోపం వచ్చేలోపు ఆ పేరు పాతబడిపోయిందని ఇంట్లోవాళ్ళు నవ్వుకునేవారు.

అన్నగారి మనవరాలికి ఆయన చిన్నతాత. ఆ పిల్లకు గడుగ్గాయి అని పేరు పెట్టిందీ ఆయనే. మాటలు కూడా సరిగా రాని వయసులో డిపోకు తీసుకెళితే, ఆయన టీ తాగి వచ్చేలోగా డ్రైవరు సీటెక్కి హారన్ మీద కూర్చుంది. ఏం కొంప మునిగిందోనని షెడ్డులో జనమంతా పరుగెత్తుకొచ్చారు. చిన్నతాత మాత్రం నడిచే వచ్చాడు. వచ్చి, పిల్లను చంకనెత్తుకుని, "గడుగ్గాయివే నువ్వు" అన్నాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. చదువై, ఉద్యోగమై, పెళ్ళై, పాపిట్లో తెల్లవెంట్రుకలు తొంగిచూసిన తర్వాత కూడా ఆయన నోట ఆమె గడుగ్గాయే.

ఆయన యుద్ధానికి వెళ్ళివచ్చిన మనిషని ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, ఆయనకు ఎడమ చెవి వినబడదని తెలిసినట్టే తెలుసు. పందొమ్మిదో ఏట వెళ్ళాడు, ఎక్కడో కొండల్లో పనిచేశాడు, ఆ చెవిని అక్కడే వదిలేసి వచ్చాడు. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. భోజనాల దగ్గర ఆయనకు కుడిపక్కన కూర్చున్నవాళ్ళకే ముచ్చట్లు. ఎడమపక్క కూర్చున్నవాళ్ళకు తల ఊపడమే దక్కేది. అయితే ఆ చెవిటితనం ఆయనకు బాగానే అక్కరకొచ్చేది. పెళ్ళి చేసుకోవా అని ఏ చుట్టమైనా మొదలుపెడితే చాలు, మెల్లగా మెడ తిప్పి ఎడమ చెవి అప్పగించేవాడు.

మూడో తరగతిలో ఉండగా గడుగ్గాయి బడిలో గొప్పలకు పోయింది. మా చిన్నతాత యుద్ధంలో వందమందిని కాల్చేశాడని చెప్పింది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి టీచరు దాకా వెళ్ళింది. టీచరు సంబరపడిపోయి, "మీ తాతగారిని ఒకసారి పిలుచుకురామ్మా, పిల్లలకు నాలుగు మాటలు చెబుతారు" అంది. గడుగ్గాయి గొంతులో వెలక్కాయ పడింది. సాయంత్రం చిన్నతాత దగ్గరకు వెళ్ళి, గోడకేసి చూస్తూ విషయం చెప్పింది.

"వందమందా?" అన్నాడాయన. "కాస్త తగ్గించి చెప్పలేకపోయావా?"

మర్నాడు డ్యూటీకి డ్యూటీకి మధ్య దొరికిన తీరికలో ఖాకీ బట్టలతోనే బడికి వచ్చాడు. పిల్లలు ఆయన చేతులకేసి, జేబులకేసి చూశారు. ముందు బెంచీవాడు లేచి, "తుపాకీ తెచ్చారా తాతగారూ?" అన్నాడు.

"తుపాకీ ఇచ్చారు గానీ అది సీటు కింద పడి ఉండేది నాయనా. నేను నడిపింది అంబులెన్సు."

"మరి మీరు ఎంతమందిని చంపారు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఒక కోడిని. అదీ కావాలని కాదు. అడ్డమొచ్చింది."

తరగతి గొల్లుమంది. గడుగ్గాయి ముఖం మాడిపోయింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా, వాలీబాల్ వల కట్టే కర్రలు రెండు, కిటికీ పరదా ఒకటి అడిగి తెప్పించాడు. పరదాను కర్రల చుట్టూ మడిచి, కళ్ళ ముందే స్ట్రెచర్ తయారుచేశాడు. తరగతిలో అందరికన్నా బరువైన పిల్లవాణ్ణి దానిమీద పడుకోబెట్టి, నలుగురిని పిలిచాడు. "ముందున్నవాళ్ళు దారి చూడాలి. వెనకున్నవాళ్ళు మనిషిని చూడాలి. అందరూ ఒకేవైపు చూశారంటే అందరూ పడతారు" అన్నాడు. ఆ రోజు పాఠాలు అటకెక్కాయి. ప్రతివాడికీ మోయించుకోవాలనే ఉంది. చివరికి గోల విని వచ్చిన లావుపాటి డ్రిల్లు మాస్టారు కూడా, నన్ను మోయగలరట్రా అంటూ పరదా మీద వాలిపోయాడు. ఎనిమిదిమంది పిల్లలు పళ్ళు బిగించి, గడుగ్గాయి వెనక ఎడమ మూల పట్టుకుని, ఆయన్ని ఆటస్థలం చుట్టూ తిప్పి దించారు.

ఇంటికి వచ్చేటప్పుడు గడుగ్గాయి నాలుగడుగులు ముందే నడిచింది. తర్వాత, "నువ్వెవర్నీ కాల్చలేదని ఎందుకు చెప్పావు?" అని నిలదీసింది.

"కాల్చలేదు గనక."

"ఇంక నిన్నెవరూ గొప్పవాడు అనుకోరు."

"పోనీలే. ఆ మాస్టారిని కింద పడెయ్యకుండా మోసిందెవరు?"

"మేమే."

"మరింకేం" అన్నాడు చిన్నతాత. ఆయనకు అక్కడికి మాట పూర్తయిపోయింది. గడుగ్గాయికి మాత్రం ఇంకా రెండు వీధులపాటు కోపం ఉండింది.

ఆయన బస్సు నడిపే తీరు గురించి చెప్పాలి. వేగం తక్కువన్నది ఒక్కటే కాదు. స్టాపులో బస్సు ఆగి, దిగేవాళ్ళు దిగి, ఎక్కేవాళ్ళు ఎక్కి, కండక్టరు రైట్ రైట్ అని తలుపు మీద కొట్టినా ఆయన కదిలేవాడు కాదు. అద్దంలో చూస్తూ ఉండేవాడు. దిగిన ముసలావిడ సంచీ సర్దుకుని రోడ్డు దాటాలి. చంటిబిడ్డ తల్లి గొడుగు విప్పుకోవాలి. కర్ర పట్టుకున్నాయన మట్టి దారి దాకా చేరుకోవాలి. అప్పుడు గానీ గేరు పడేది కాదు. "సార్, ఆవిడ ఇంటికెళ్ళి తలుపు గడియ వేసుకున్నాక పోదామా?" అని కండక్టరు గొణిగేవాడు. అది ఎడమ చెవి వైపు కావడంతో జవాబు వచ్చేది కాదు.

ఇప్పుడు చెప్పే కథ గడుగ్గాయి పుట్టకముందుది. కానీ ఇంట్లో ఎన్నిసార్లు విన్నదంటే, తానే ఆ బస్సులో కూర్చుని చూసినట్టు చెప్పేది. డిపోకు కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, గడియారం మనిషి. ఆలస్యం అమృతం విషం అన్నది ఆయన సిద్ధాంతం. నిదానం గారిని పిలిచి ముందు మంచిగా చెప్పాడు, తర్వాత గట్టిగా చెప్పాడు, ఆ తర్వాత మెమో ఇచ్చాడు.

"ఎందుకయ్యా ప్రతి ట్రిప్పూ ఆలస్యం? మిగతా డ్రైవర్లంతా టైముకు రావడం లేదా?"

"వస్తున్నారు సార్."

"మరి నీకేం?"

"నేనూ వస్తున్నాను సార్. కాస్త వెనక వస్తున్నాను."

ఇక లాభం లేదనుకుని, ఒకరోజు పొద్దున్నే మేనేజరు తలకు మఫ్లరు చుట్టుకుని, మామూలు ప్రయాణికుడిలా ఆ బస్సెక్కాడు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆపుతున్నాడో పట్టుకుందామని వాచీ విప్పి చేత్తో పట్టుకున్నాడు. డిపో దాటింది, పాత వంతెన వచ్చింది, పిండిమర వచ్చింది. కాసేపటికి కళ్ళు తెరిచి చూస్తే బస్సు ఖాళీగా, పెద్దాసుపత్రి ముందు చివరి స్టాపులో ఆగి ఉంది. వాచీ ఒళ్ళో ఉంది. ఎదురు సీట్లో నిదానం గారు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"లేపకపోయావా?" అన్నాడు మేనేజరు, మఫ్లరు సర్దుకుంటూ.

"మంచి నిద్రలో ఉన్నారు సార్. పాపం ఎన్నాళ్ళయిందో అనిపించింది."

నిజంగానే చాలా రోజులయింది. మేనేజరు ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆ బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఇంటిల్లిపాదికీ జాగారమే. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఆ రోజు మాత్రం తిరుగు ప్రయాణంలో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, డిపో వచ్చేదాకా బిడ్డ కబుర్లే చెప్పాడట. మరుసటి నెల ఆ రూటు టైముల పట్టికలో ట్రిప్పుకు కొన్ని నిమిషాలు కలిశాయి. ఎందుకని పై అధికారులు అడిగితే, "డ్రైవర్ని మార్చడం కన్నా టైమును మార్చడం సులువు" అన్నాడట. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు పనుందంటూ మేనేజరు ఆ బస్సెక్కేవాడు. ఏం పనో ఎవరూ అడగలేదు. కాసేపటికే గురక వినిపించేది.

ఆయన పెళ్ళి కూడా డిపోలోనే కుదిరింది. అక్కడి క్యాంటీన్‌ను నడిపే ఆవిడకు చిన్న వయసులోనే భర్త పోయాడు. మనిషి పొట్టి, నోరు గట్టి. బాకీ పెట్టినవాడూ, ప్లేటులో వదిలేసినవాడూ ఆవిడ కంట పడాలంటే హడలిపోయేవారు. ఆవిడను అందరూ ఓనరమ్మ అనేవాళ్ళు. ఒకరోజు చిన్నతాత టీ తాగుతూ, "ఈ కుర్చీ కిర్రుమంటోంది, బాగుచేయనా?" అన్నాడు. చేసుకోండి, ఎవరొద్దన్నారు అంది ఆవిడ. ఆయన మరలు బిగించాడు. మర్నాడు ఇంకో కుర్చీ. ఆ మర్నాడు మరొకటి. కుర్చీలు అయిపోయాక బల్లల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి ఎగుడుదిగుడు సరిచేశాడు. డిపో మొత్తానికి సంగతి అర్థమైపోయింది, ఆయన మాత్రం నోరు విప్పలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మిగతావాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. చివరికి ఓనరమ్మే గ్లాసు టక్కున బల్లమీద పెట్టింది.

"ఇక కుర్చీల్లేవు డ్రైవరు గారూ. బల్లలు కూడా అయిపోయాయి. అడగాల్సిందేదో అడిగెయ్యండి. ఇంకొన్నాళ్ళు పోతే తలుపులు ఊడదీసి బిగించేట్టున్నారు."

ఆయన టీ చివరిదాకా తాగాడు. "రేపు అడగనా?"

"రేపు క్యాంటీన్‌కు సెలవు. ఇవాళే అడగండి."

అడిగాడు. నలభై దాటాక పెళ్ళేమిటని చుట్టుపక్కలవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటే, గడుగ్గాయి వాళ్ళ తాతయ్య, అంటే నిదానం గారి అన్న, ఒక్కటే మాట అన్నాడు: "వాడు ఏ స్టాపుకు టైముకొచ్చాడు గనక, దీనికి రావడానికి?"

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆవిడ ఆయన్ని చివరిదాకా డ్రైవరు గారూ అనే పిలిచింది, ఆయన ఆవిడను ఓనరమ్మా అనే పిలిచాడు. క్యాంటీన్ మూసేశాక కూడా ఆ పిలుపులు మారలేదు. గడుగ్గాయికి ఆవిడ చిన్ననాయనమ్మ. ఇంటికి వెళితే ముందు తిట్టేది, తర్వాత పెట్టేది. తిట్టుకూ పెట్టుకూ మధ్య పెద్ద ఎడం ఉండేది కాదు.

గడుగ్గాయికి ఇరవై మూడేళ్ళప్పుడు, ఆసుపత్రుల్లో యంత్రాలు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఊళ్ళు తిరగాలి గనక కారు నడపడం వచ్చి తీరాలన్నారు. నేర్పే స్కూల్లో చేరింది. అక్కడి మాస్టారు అరుపులకు వచ్చింది కాస్తా మరిచిపోయింది. పరీక్ష రెండుసార్లు తప్పింది. అప్పటికి రిటైరై చాలా ఏళ్ళైన చిన్నతాత ఈ మాట విని, తన పాత చిన్నకారు తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, ముందు సీట్లో కూర్చోకుండా వెనక తలుపు తీసి, మోకాళ్ళు ముడుచుకుని సీటు మీద పడుకున్నాడు.

"అదేంటి చిన్నతాతా, నువ్వు అక్కడ పడుకుంటే నాకెవరు చెబుతారు?"

"నా నడుము చెబుతుంది. నేను నిద్రపోయిన రోజున నీకు డ్రైవింగ్ వచ్చినట్టు."

అలా మొదలైంది. సాయంత్రాలు ఊరి బయట రోడ్డు మీద కారు సాగేది, వెనక నుంచి "ఊఁ" అని మూలుగు వినిపించేది. ఆ ఊఁలలో రకాలుండేవి. గేరు మోటుగా వేస్తే ఒకటి, గుంతలో పడితే ఒకటి, గుంతను చూసి కూడా పడితే ఇంకొకటి. పరుగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలమ్మా అనేవాడు. రెండు వారాలు గడిచినా ఆయన కళ్ళు మూతపడలేదు.

ఒకరోజు ఇటుకల బట్టీ దాటాక కుక్క ఒకటి అడ్డమొచ్చింది. ఆమె బ్రేకు మీద నిలబడింది. వెనక ధడేలుమని చప్పుడైంది. చిన్నతాత సీటు మీంచి జారి కింద ఇరుక్కుపోయాడు. ఆమె కారు పక్కకు తీసి, ఆయన్ని లేపి కూర్చోబెట్టి, దెబ్బ తగల్లేదని తెలిశాక ఇక ఆపుకోలేకపోయింది.

"నావల్ల కాదు తాతా. రోడ్డు మీద ఇంతమంది నడుపుతున్నారు, అందరూ ఇలాగే నడుపుతారు. నీకే ఎందుకింత?"

ఆయన మోచెయ్యి రుద్దుకున్నాడు. ఆమె ఆయన కుడిపక్కకు వచ్చి కూర్చుంది. ఎదురుగా బట్టీలో పనివాళ్ళు ఇటుకలు దించుతున్నారు. ఆయన వాళ్ళకేసి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"కొండల్లో మా చోటు నుంచి ఆసుపత్రి గుడారాల దాకా ఒకటే దారి. దారి అంటే పెద్ద దారి కాదు, లారీలు తొక్కి తొక్కి చేసింది. సగం దాకా కొండచాటు ఉంటుంది. ఆ తర్వాత కాస్త మేర ఎదుటివాళ్ళకు కనబడతాం. అక్కడికి రాగానే డ్రైవర్లందరం ఊపిరి బిగబట్టి తొక్కేసేవాళ్ళం. ఒకరోజు పొద్దున నా బండిలో ఒక అబ్బాయిని ఎక్కించారు. నా ఈడువాడే. వెన్నెముక దగ్గర దెబ్బ. డాక్టరు నా కిటికీ దగ్గరకొచ్చి, కుదిపావంటే ఇతను మళ్ళీ నడవడు, ఇంకా కుదిపావంటే బతకడు అని చెప్పి వెళ్ళిపోయాడు."

"అయితే?"

"అయితే ఏముంది. మెల్లగా నడిపాను."

"ఆ కనబడేచోట కూడానా?"

"ఆ కనబడేచోటే గుంతలు ఎక్కువ."

ఆయన మళ్ళీ అందుకున్నాడు.

"ఎడమపక్కన ఒకటి వచ్చి పడింది. చెవిలో గంట కొట్టినట్టయింది, తర్వాత ఇక ఆ చెవిలో ఏమీ లేదు. భయమేసిందా అంటే ఎందుకెయ్యదు, కాళ్ళు వణుకుతున్నాయి. వణికే కాలితో మెల్లగా తొక్కడం చాలా కష్టమమ్మా. ఆ అబ్బాయేమో, మాట్లాడుతూ ఉండన్నా, నువ్వు మాట్లాడకపోతే నేనొక్కణ్ణే ఉన్నట్టుంది అంటాడు. నాకు మాటలెక్కడొచ్చు? ఏం చెప్పాలో తెలియక మన ఊరి దారి చెప్పాను. స్టేషన్లో ఎక్కాం, సినిమా హాలొచ్చింది, ఎవరో దిగుతున్నారు, కాస్త ఆగుదాం, ఇదిగో పాత వంతెన, ఎడమపక్క పిండిమర, అని. అతనేమో, తర్వాత ఏ స్టాపన్నా, తర్వాత ఏ స్టాపు, అని అడుగుతూనే ఉన్నాడు. ఊళ్ళో స్టాపులన్నీ అయిపోతే లేనివి కూడా కల్పించాను."

"చేర్చావా?"

"చేర్చాను. దించేటప్పటికి ఇంకా అడుగుతూనే ఉన్నాడు. వేరేవాళ్ళు లోపలికి మోసుకెళ్ళారు. నాకింకో ట్రిప్పు ఉంది. బండి తిప్పి అద్దంలో చూశాను గానీ, అప్పటికే గుడారం పరదా పడిపోయింది."

"నడిచాడా మరి?"

"తెలియదు."

"కనుక్కోలేదా?"

"మమ్మల్ని వేరేచోటికి మార్చేశారు. పేరు కూడా అడగలేదు నేను, స్టాపులు చెప్పే హడావుడిలో."

"ఇప్పుడు కనుక్కోవచ్చు తాతా. ఆఫీసులుంటాయి, మాజీ సైనికుల సంఘాలుంటాయి. నేను తిరుగుతాను."

ఆయన వద్దన్నట్టు తలాడించాడు. "కనుక్కుంటే ఏదో ఒకటే మిగులుతుంది గడుగ్గాయ్. ఇప్పుడైతే పొద్దున లేచేసరికి అతను ఎక్కడో ఒకచోట నడుచుకుంటూ పోతుంటాడు. ఒక్కోరోజు పోడనుకో. అయినా సరే." మళ్ళీ వెనక్కి వాలి మోకాళ్ళు ముడుచుకున్నాడు. "పద. ఓనరమ్మ ఎదురుచూస్తుంటుంది."

ఆ రోజు ఇంటికి ఎలా నడిపిందో ఆమెకు గుర్తులేదు. ఆ తర్వాతి వారం మాత్రం గుర్తుంది. పంటకాలువ పక్క రోడ్డు మీద వెళుతుంటే వెనక నుంచి ఊఁ వినబడలేదు. కాసేపటికి సన్నగా గురక మొదలైంది. ఆమెకు ఆనందమూ భయమూ ఒక్కసారే పట్టుకున్నాయి. ఇంటి ముందు ఆపితే లేచిపోతాడు. అందుకని ఇల్లు దాటి ముందుకు పోయింది. బజారు చుట్టింది, స్టేషను చుట్టింది, మళ్ళీ ఇంటి ముందునుంచే పోయింది. గేటు దగ్గర చిన్ననాయనమ్మ చెయ్యెత్తి కేకేసినా ఆగలేదు. పెట్రోలు ముల్లు ఎర్రగీతకు ఆనాక ఇక తప్పక వచ్చి ఆపింది.

"మతిపోయిందా మీ ఇద్దరికీ? ఇంటి ముందునుంచే ఊరేగుతున్నారు?" అంది చిన్ననాయనమ్మ.

"తాత నిద్రపోయాడు నాయనమ్మా."

చిన్ననాయనమ్మ కిటికీలోంచి తొంగిచూసింది. ఇంక తిట్టలేదు. లోపలికెళ్ళి దుప్పటి తెచ్చి, తలుపు చప్పుడు కాకుండా తీసి, ఆయన కాళ్ళమీద కప్పింది. పరీక్షలో ఆ నెలే గడుగ్గాయి నెగ్గింది. తాళాలు ఆయన మళ్ళీ వెనక్కి తీసుకోలేదు. చూపు మందగించిందని తనకు తెలుసని, ఒకరు చెప్పేదాకా ఆగడమెందుకని అన్నాడు.

కారు ఇచ్చేశాక ఆయన రోజూ తన పాత రూటు బస్సెక్కి తిరగడం మొదలుపెట్టాడు. సరిగ్గా డ్రైవరు వెనక సీటే కావాలి. కొత్త డ్రైవరు కుర్రవాడు నాలుగు రోజులు ఓపిక పట్టాడు. ఐదోరోజు చేతులు జోడించాడు.

"తాతగారూ, దయచేసి వెనక కూర్చోండి. గేరు మార్చినప్పుడల్లా మీరు ఊఁ అంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటంలేదు."

"నేనేమన్నాను నాయనా?"

"అదే సార్, ఏమీ అనరు."

ఆయన ఒప్పుకుని మధ్య సీటుకు మారాడు. రెండు వారాల తర్వాత ఆ కుర్రవాడే ముందుకు రమ్మని పిలిచాడు. వెనక ఎవరూ మూలగకపోతే తను సరిగ్గా నడుపుతున్నదీ లేనిదీ తెలియడంలేదన్నాడు.

ఎనభై నాలుగో ఏట ఆయనకు ఊపిరి అందడం కష్టమైంది. ఆసుపత్రిలో కొన్నాళ్ళుండి, ఇంటికి తీసుకెళ్ళండని తనే అడిగి వచ్చేశాడు. ముందు గదిలో మంచం వేశారు. గడుగ్గాయి రోజూ వచ్చి ఆయన కుడిపక్కన కూర్చుని ఏ ఊళ్ళో ఏ యంత్రం ఎలా మొరాయించిందో చెప్పేది. ఒక మధ్యాహ్నం, చిన్ననాయనమ్మ పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతుండగా, ఆయన వెళ్ళిపోయాడు. ఆఖరి మాటలేమిటని చుట్టాలు అడిగితే ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది: "ఫ్యాను కాస్త తగ్గించు అన్నారు. తగ్గించాను."

సైనికుల సంఘం వాళ్ళు జెండా తెచ్చి కప్పారు. చేయాల్సిన మర్యాద చక్కగా చేశారు. ఆ తర్వాత వరసగా మూడు రోజులపాటు, ఇంట్లో ఎవరికీ తెలియని మనుషులు రావడం మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఎవరని చెప్పుకోవాలో తెలియక స్టాపు పేరు చెప్పేవాళ్ళు. "నేను పాత వంతెన దగ్గర దిగేదాన్నండి." "మేము రంగుల ఫ్యాక్టరీ స్టాపు. పొద్దుటి షిఫ్టు." ఒక నర్సు వచ్చి, "నేను చివరిదాకా వచ్చేదాన్ని, దారంతా నిద్రపోయేదాన్ని" అంటూనే కళ్ళు తుడుచుకుంది. పాత మేనేజరు వచ్చాడు, వెంట నలభై దాటిన కూతురితో. "దీని మూలంగానే నాకు ఆయన పరిచయం" అని ఆ అమ్మాయిని ముందుకు తోశాడు. చిన్ననాయనమ్మ అందరికీ టీ ఇచ్చింది. ఆయన చెప్పగా విన్న కబుర్లతో చాలామందిని గుర్తుపట్టింది కూడా. వాటర్ ట్యాంకు స్టాపు ఆవిడ పెద్దకొడుకు కదూ నువ్వు అని అడిగేది.

మూడోరోజు సాయంత్రం కర్ర ఊతంతో ఒక ముసలాయన వచ్చాడు. వెన్ను వంగి ఉంది. అడుగు తీసి అడుగు వేయడమే కష్టంగా ఉంది. గడుగ్గాయి చేతిలోని గ్లాసులు అక్కడే కింద పెట్టేసింది. గబగబా ఎదురెళ్ళి ఆయన్ని చెయ్యిపట్టి కూర్చోబెట్టింది. "తాతగారూ, మీరూ యుద్ధంలో ఉన్నారా?" అని అడిగింది.

"నేనా? లేదమ్మా, నాకు తుపాకీ చప్పుడంటేనే భయం. నాది పిండిమర స్టాపు" అన్నాడాయన. "కర్ర ఎందుకంటావా, మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లెక్కలేనని ఆయన బస్సును మా అరుగు పక్కకే ఆనించి ఆపేవాడు."

అందరూ వెళ్ళాక వంటింట్లో చిన్ననాయనమ్మ గ్లాసులు కడుగుతుంటే, గడుగ్గాయి తుడిచి బోర్లిస్తోంది. కాసేపటికి ఆమె ఇటుకల బట్టీ దగ్గర విన్నదంతా చెప్పింది. ఇన్నాళ్ళూ తనొక్కదానికే తెలుసనుకుంది. చిన్ననాయనమ్మ చేతులు ఆగలేదు.

"ఆ అబ్బాయి సంగతేగా. పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. ఆ తర్వాత ఏడాదికోసారి, రెండుసార్లు అడుగుతూనే ఉండేవారు, ఏమైవుంటాడంటావ్ ఓనరమ్మా అని."

"నువ్వేమనేదానివి?"

"నడిచాడు అనేదాన్ని. నడిచాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు అని చెప్పేదాన్ని. పెద్దపిల్లకు లెక్కలు రావని కూడా చెప్పాను ఒకసారి."

"నీకెలా తెలుసు నాయనమ్మా?"

"నాకేం తెలుసు. ఆయన దించి వచ్చేశారు. తర్వాత సంగతి చెప్పడానికి ఇంట్లో ఎవరో ఒకరుండాలి కదా."

"నమ్మేవాడా తాత?"

చిన్ననాయనమ్మ కుళాయి కట్టేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "ఒక్కోసారి నమ్మేవారు. నమ్మిన రోజు రెండో కప్పు టీ అడిగేవారు" అంది. ఇంకా తడిగా ఉన్న గ్లాసులకేసి చూసి, "ఆ గుడ్డ తడిసిపోయింది చూడు, పొడిది తీసుకో. ఇంకా బోలెడున్నాయి" అంది.

గడుగ్గాయి అరలోంచి పొడిగుడ్డ తీసుకుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.